కాన్సులర్ సేవ: మూడుసార్లు ఆ కౌంటర్ ముందు నిలబడ్డాక

విదేశాల్లో పనిచేసిన పదకొండేళ్లలో మూడుసార్లు మా దేశపు రాయబార కార్యాలయం సాయం కోరి వెళ్లాను. మొదటిసారి నా పాస్‌పోర్టు పోయినందుకు, రెండోసారి పనిస్థలంలో చనిపోయిన సహోద్యోగి కోసం, మూడోసారి పోలీసుల అదుపులో ఉన్న మరో సహోద్యోగి కోసం. పరాయి గడ్డ మీద ఉన్న తన పౌరులకు ఒక దేశం తన అధికారుల ద్వారా చేసే ఈ పనిని కాన్సులర్ సేవ అంటారు. హోటళ్ల గురించీ ఫోన్ల గురించీ రాసినట్టు దీని గురించి రాసేవారు తక్కువ, ఎందుకంటే దీని అవసరం పడిన మనిషి ఆ సమయంలో రాసే స్థితిలో ఉండడు, ఆపద గడిచాక మళ్లీ తలచుకోవడానికి ఇష్టపడడు. నాకు ఈ సేవ వల్ల మేలూ జరిగింది, కష్టమూ కలిగింది. నా తీర్పు ముందే చెబుతాను: ఇందులో అన్నిటికంటే విలువైనది అధికారి స్వయంగా వచ్చి మన పక్కన నిలబడే ఆ కొద్ది సమయం, ఆయన సంతకంతో వెళ్లే ఉత్తరం, అన్నిటికంటే బలహీనమైనది ఒక అధికారి బదిలీ అయి మరొకరు కుదురుకునే వరకు గడిచే మధ్యకాలం.

తెలుగులో రాయబారి అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటాం గాని, ఆ భవనంలో పనిచేసే వారందరి బాధ్యతలూ ఒకటే కావు. 1961 ఏప్రిల్ 18న వియన్నాలో కుదిరిన దౌత్య సంబంధాల ఒప్పందం మూడో అధికరణంలో రాయబార కార్యాలయం చేయవలసిన ఐదు పనులు కనిపిస్తాయి: తమ దేశానికి ప్రాతినిధ్యం వహించడం, అంతర్జాతీయ చట్టం అనుమతించిన హద్దుల్లో తమ దేశ ప్రయోజనాలనూ పౌరులనూ కాపాడడం, ఆతిథ్య దేశ ప్రభుత్వంతో సంప్రదింపులు జరపడం, అక్కడి పరిస్థితులను చట్టబద్ధమైన మార్గాల్లో తెలుసుకొని స్వదేశానికి నివేదించడం, రెండు దేశాల మధ్య స్నేహ సంబంధాలను పెంచడం. సామాన్య పౌరుడికి ఎదురయ్యేది వీటిలో రెండోదే. దాని వివరాలు 1963 ఏప్రిల్ 24న అదే నగరంలో కుదిరిన కాన్సులర్ సంబంధాల ఒప్పందంలో ఉన్నాయి. పాస్‌పోర్టులు, వీసాలు ఇవ్వడం, నోటరీగా వ్యవహరించడం, జనన మరణాలు నమోదు చేయడం, చనిపోయిన పౌరుడి వారసుల హక్కులు చూడడం, మైనర్లకు అండగా నిలవడం, తమ దేశపు ఓడలకూ విమానాలకూ సాయపడడం, ఇలా ఆ పనుల వరుస చాలా దూరం సాగుతుంది. రాయబార కార్యాలయం సాధారణంగా రాజధానిలో ఉంటుంది. కాన్సులేట్లు ఇతర పెద్ద నగరాల్లోనూ ఓడరేవుల్లోనూ ఉంటాయి. కామన్వెల్త్ దేశాలు ఒకదానికొకటి పంపుకొనే రాయబారిని హైకమిషనర్ అంటారు, పని మాత్రం అదే.

కౌంటర్ అద్దం వెనుక కూర్చున్న అధికారి చాలాసార్లు ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన వ్యక్తే. థర్డ్ సెక్రటరీగా మొదలై సెకండ్ సెక్రటరీ, ఫస్ట్ సెక్రటరీ, కౌన్సెలర్, మినిస్టర్ అనే మెట్లు ఎక్కుతూ రాయబారి పదవికి చేరడానికి సగం జీవితం పడుతుంది. చాలామంది అక్కడిదాకా చేరరు కూడా. తొలి నియామకంలోనే కాన్సులర్ విభాగంలో కూర్చోబెట్టే పద్ధతి కొన్ని దేశాల్లో ఉంది, అది మంచి పద్ధతేనని నా అభిప్రాయం. రేపు ఒప్పందాల మీద సంతకాలు చేయబోయే మనిషి ఈ రోజు జీతం అందని కూలీ మాట వినడం, బిడ్డ జనన ధ్రువపత్రం కోసం వచ్చిన తల్లికి దరఖాస్తు నింపి పెట్టడం ఆ మనిషికీ మేలు, దేశానికీ మేలు. అయితే కౌంటర్ ముందు నిలబడినవాడికి దీనివల్ల ఒక చిక్కు ఉంది: తన కష్టం ఆ అధికారికి పాఠం అవుతున్న సమయంలో, ఆ పాఠం పూర్తయ్యేదాకా ఆగే ఓపిక తనకు ఉండదు.

నా మొదటి అనుభవం చిన్నది. బస్సులో సంచి పోయింది, దానితో పాస్‌పోర్టూ పోయింది. పోలీసు ఫిర్యాదు నకలు, ఫొటోలు, పాస్‌పోర్టు నంబరు రాసిపెట్టుకున్న కాగితం తీసుకొని వెళ్లాను. నా వివరాలు స్వదేశంలో సరిచూసుకోవడానికి నాలుగు పనిదినాలు పడుతుందన్నారు, అన్నట్టే నాలుగో రోజున ఫోన్ చేశారు. వెంటనే ఇంటికి పోవలసిన వారికి ఒక్కవైపు ప్రయాణానికి పనికొచ్చే అత్యవసర పత్రం ఇస్తారు. నాకంత తొందర లేదు కనుక కొత్త పాస్‌పోర్టుకే దరఖాస్తు పెట్టాను. పోయిందని ఒకసారి రాసిచ్చాక పాత పాస్‌పోర్టు దొరికినా దానితో ప్రయాణం చేయకూడదని ఆ రోజు గట్టిగా చెప్పారు. ఏ ఫొటో ఏ కొలతలో ఉండాలో ముందే స్పష్టంగా రాసిపెట్టి ఉంటే రెండోసారి తిరగవలసిన పని తప్పేది. అది మినహా వంక పెట్టడానికి ఏమీ లేదు.

రెండోసారి జరిగినదాన్ని వివరంగా రాయాలి. మా జట్టులోని వెల్డర్ ఒకరు, నాకంటే ఆరేళ్లు పెద్ద, పని మధ్యలో కుప్పకూలి ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం విడిచారు. కాన్సులర్ ఒప్పందం 37వ అధికరణం ప్రకారం, విదేశీ పౌరుడు చనిపోయిన సమాచారం తమ వద్ద ఉంటే స్థానిక అధికారులు జాప్యం లేకుండా ఆ దేశపు కాన్సులేట్‌కు తెలియజేయాలి. మా విషయంలో ఆ కబురు కంటే ముందే నా ఫోన్ వెళ్లింది. ఫోన్ ఎత్తిన సెకండ్ సెక్రటరీ పాస్‌పోర్టులో ఉన్నట్టుగా పేరు, ఆసుపత్రి, యాజమాన్యం వివరాలు రాసుకున్నాక, "ఇంటివాళ్లకు ఎవరైనా చెప్పారా?" అని అడిగారు. ఇంకా లేదన్నాను. "అయితే ముందు మీరు చేయండి. తెలిసిన గొంతు విన్నాక నేను మాట్లాడతాను. ఏమేం కాగితాలు కావాలో, ఎన్నాళ్లు పట్టవచ్చో నేను చెబుతాను, అది మీ మీద పెట్టుకోకండి," అన్నారు. ఆయన చెప్పినట్టే చేశాం. ఆ ఇల్లాలితో ఆయన నలభై నిమిషాలు మాట్లాడారు. రెండు రోజుల్లో పంపిస్తామనో, అంతా తాము చూసుకుంటామనో ఒక్క మాట కూడా అనలేదు. ఎన్ని రోజులైనా పట్టవచ్చమ్మా, ప్రతి రెండు రోజులకూ సాయంత్రం నేనే ఫోన్ చేస్తాను అన్నారు, చెప్పినట్టే చేశారు.

మృతదేహం ఇంటికి చేరడానికి ఎన్ని సంతకాలు కావాలో బయటివారికి తెలియదు. పోస్ట్‌మార్టం ముగియాలి, పోలీసులు అభ్యంతరం లేదని రాయాలి, స్థానిక భాషలో మరణ ధ్రువపత్రం రావాలి, దానికి అనువాదం జరగాలి, దేహం చెడిపోకుండా మందులు పట్టించినట్టు ధ్రువీకరించాలి, యాజమాన్యం తన వైపు కాగితాలు పూర్తి చేయాలి. రాయబార కార్యాలయం మరణాన్ని నమోదు చేసి, పాస్‌పోర్టు రద్దు చేసి, తన నిరభ్యంతర పత్రం ఇవ్వాలి. ఆ తర్వాతే విమాన సంస్థ పెట్టెను తీసుకుంటుంది. ఈ వరుసలో ఒక కాగితం ఆగితే వెనుకవన్నీ ఆగుతాయి. మాకు మొత్తం పంతొమ్మిది రోజులు పట్టింది. రాయబార కార్యాలయం చేతిలో ఉన్న పని అందులో ఒక్క రోజుది. మిగిలిన పద్దెనిమిది రోజులూ అది ఇతరుల బల్లల దగ్గరికి వెళ్లి అడగడమే. రవాణా ఖర్చు రాయబార కార్యాలయమే పెట్టుకుంటుందని చాలామంది అనుకుంటారు. సాధారణంగా దాన్ని యాజమాన్యమో బీమా సంస్థో కుటుంబమో భరించాలి. గతిలేని వారిని ఆదుకోవడానికి కొన్ని దేశాలు వేరే నిధి ఉంచుతాయి.

పదిహేడో రోజున ఆ సెకండ్ సెక్రటరీయే మార్చురీకి వచ్చారు. విమానంలో చోటు ఖాయమైంది, పెట్టెకు సీలు వేయడమే మిగిలింది. ఆయన మరణ ధ్రువపత్రాన్నీ పాస్‌పోర్టునూ పక్కపక్కన పెట్టి ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివారు. పేరు స్థానిక లిపిలోకి వెళ్లి మళ్లీ అనువాదంలోకి వచ్చేసరికి ఒక అక్షరం మారిపోయింది. ఆయన సీలు వేయనివ్వలేదు. ఆ రోజు విమానం తప్పిపోయింది, మరో రెండు రోజులు ఆగవలసి వచ్చింది. ఇన్నాళ్లుగా ఇంటి దగ్గర ఎదురుచూస్తున్న వాళ్లకు ఏం చెప్పమంటారని ఆయన మీద గొంతు పెంచి మాట్లాడాను. ఆయన నిదానంగా జవాబిచ్చారు: "ఈ అక్షరం ఇలాగే వదిలేస్తే, ఈ కాగితంలో ఉన్నది తన భర్తేనని ఆవిడ బ్యాంకులో, బీమా ఆఫీసులో, భూమి రిజిస్ట్రేషన్ దగ్గర నిరూపించుకుంటూ తిరగాలండి. ఇక్కడ నేను రెండు రోజుల్లో దిద్దించగలను. అక్కడి నుంచి ఆవిడ ఎప్పటికీ దిద్దించలేదు." ఈ సేవకు కొలమానం ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఆ వేలిని చూపిస్తాను.

ఇక తప్పు సంగతి. చనిపోయిన ఆయనకు రావలసిన జీతం బకాయి, పనిలో మరణించినందుకు రావలసిన పరిహారం కోసం కుటుంబం రాయబార కార్యాలయానికి అధికార పత్రం రాసిచ్చింది. ఫైలు కదులుతున్న సమయంలో ఆ అధికారి పదవీకాలం ముగిసి వేరే దేశానికి బదిలీ అయ్యారు. కొత్తగా వచ్చినవారికి ఫైలు చేరిందో లేదో రెండు నెలల దాకా మాకు తెలియలేదు. తెలిసేసరికి, మొదట ఇచ్చిన కాగితాలన్నీ మళ్లీ పంపమన్నారు. కుటుంబం మళ్లీ నోటరీ దగ్గరికి, మళ్లీ అటెస్టేషన్‌కు తిరిగింది. యాజమాన్యానికి వెళ్లవలసిన రెండో ఉత్తరం మొదటిది వెళ్లిన ఎనిమిది నెలల తర్వాత వెళ్లింది. ఆ ఇంట్లో ఇద్దరు పిల్లల చదువు ఆ సొమ్ము మీద ఆధారపడి ఉందని ఫైలులో రాసే ఉంది. దీనికి ఏ ఒక్కరి అలసత్వమో కారణమని నేను అనడం లేదు. అప్పగింత సరిగా జరగకపోవడమే కారణం, అది కార్యాలయం బాధ్యత.

బదిలీలు ఉండకూడదన్నది నా వాదన కాదు. దౌత్యాధికారులను రెండు నుంచి నాలుగేళ్లకు ఒకసారి మార్చడానికి బలమైన కారణాలున్నాయి. ఒకేచోట ఎక్కువ కాలం ఉంటే పంపిన దేశం చూపు తగ్గి ఉన్న దేశం చూపు అలవాటవుతుంది. యుద్ధమో రోగాలో ఉన్నచోట ఒకరినే ఏళ్ల తరబడి ఉంచడం న్యాయం కాదు, సుఖమైన నగరాల్లో మరొకరినే ఉంచడమూ న్యాయం కాదు. కాని దేశాల మధ్య ఒప్పందాల ఫైళ్లకు ఉండే అప్పగింత క్రమశిక్షణ ఒక వెల్డర్ పరిహారం ఫైలుకూ ఉండాలి. వెళ్లిపోయే అధికారి తెరిచి ఉన్న ప్రతి కేసుకూ ఒక పేజీ నోట్ రాసి, ఆ కుటుంబానికి కొత్త అధికారి పేరు చెప్పి వెళ్లడానికి కొత్త చట్టం ఏదీ అక్కరలేదు. మా ఫైలును చివరికి దారికి తెచ్చింది పద్దెనిమిదేళ్లుగా అక్కడే పనిచేస్తున్న స్థానిక ఉద్యోగిని. మొదటి ఉత్తరం నంబరు, యాజమాన్యం తరఫున సంతకం చేసిన మనిషి పేరు ఆవిడకు గుర్తున్నాయి. రాయబార కార్యాలయాలకు జ్ఞాపకశక్తి ఇలాంటి వారే. స్థానిక సిబ్బందికి అధికారులకున్నంత చట్టరక్షణ లేదు. ఆతిథ్య దేశం ఇష్టపడి ఇచ్చినంత మేరకే ఉంటుందని 1961 ఒప్పందం 38వ అధికరణం చెబుతుంది. ఆ సంగతి తెలిశాక ఆవిడ మీద నాకున్న గౌరవం మరింత పెరిగింది.

మూడో అనుభవానికి మరో దేశంలో, మరో కార్యాలయంతో పని పడింది. గిడ్డంగిలో సరుకు మాయమైందన్న ఆరోపణ మీద మా సహోద్యోగిని పోలీసులు తీసుకెళ్లారు. అప్పటికి నాకు కాన్సులర్ ఒప్పందం 36వ అధికరణం గురించి తెలియదు, తెలుసుకున్నాక ప్రతి ప్రయాణికుడికీ చెబుతున్నాను. విదేశీయుణ్ణి నిర్బంధించిన అధికారులు, కాన్సులేట్‌కు కబురు పంపమని కోరే హక్కు అతనికి ఉందని జాప్యం లేకుండా అతనికి చెప్పాలి; అతను కోరితే జాప్యం లేకుండా పంపాలి. కాన్సులర్ అధికారికి అతణ్ణి కలిసే, మాట్లాడే, ఉత్తరాలు రాసే, న్యాయవాదిని ఏర్పాటు చేసే హక్కు ఉంది. ఆ హక్కు చెప్పకపోతే ఏమవుతుందో అంతర్జాతీయ న్యాయస్థానం ముందుకు వచ్చిన కేసులు చూపిస్తాయి. అమెరికాలో మరణశిక్ష అమలైన ఇద్దరు జర్మన్ సోదరులు లాగ్రాండ్‌ల కేసులో 2001లో ఇచ్చిన తీర్పు, ఈ అధికరణం దేశాలకే కాక వ్యక్తులకు కూడా హక్కులిస్తుందని స్పష్టం చేసింది. మెక్సికో పౌరుల గురించిన అవేనా కేసులో 2004లో అదే న్యాయస్థానం, పట్టుబడిన మనిషి విదేశీయుడని తెలిసిన వెంటనే, లేదా విదేశీయుడై ఉండవచ్చని అనుకోవడానికి ఆధారం దొరికిన వెంటనే ఆ హక్కు చెప్పాలంది. గూఢచర్యం ఆరోపణ ఉన్నంత మాత్రాన ఈ హక్కు పోదని 2019లో కుల్‌భూషణ్ జాధవ్ కేసులో తేల్చింది.

మా సహోద్యోగి దగ్గరికి వెళ్లిన వైస్ కాన్సుల్ ముప్పై ఏళ్లు నిండని మహిళ. ఆవిడ అతణ్ణి ఏం అడిగారో తర్వాత అతనే నాకు చెప్పాడు. ఆరోగ్యం ఎలా ఉంది, రోజూ వేసుకునే మందులేమైనా ఉన్నాయా, ఎవరైనా చేయి చేసుకున్నారా, సంతకం పెట్టిన కాగితంలో ఏముందో మీ భాషలో ఎవరైనా చదివి వినిపించారా. చివరి ప్రశ్నకు అతను లేదన్నాడు. మొత్తం కేసు తిరిగింది ఆ జవాబు దగ్గరే. దుబాసీ లేకుండా తీసుకున్న వాంగ్మూలాన్ని ప్రశ్నించడానికి ఆవిడ ఇచ్చిన జాబితాలోంచి ఎంచుకున్న స్థానిక న్యాయవాదికి దారి దొరికింది. అంతకు మించి ఆవిడ చేయగలిగింది లేదు, చేస్తానని చెప్పనూ లేదు. ఆతిథ్య దేశపు చట్టాలను గౌరవించడం, దాని ఆంతరంగిక వ్యవహారాల్లో కలగజేసుకోకపోవడం దౌత్యాధికారులందరి మీదా ఉన్న బాధ్యత. దోషో నిర్దోషో తేల్చడం, జైలు నుంచి విడిపించడం, వకీలు ఖర్చు పెట్టుకోవడం ఆవిడ పని కాదు. ఐదు వారాల తర్వాత అతను బయటికి వచ్చాడు.

ఆ ఐదు వారాల్లో నాకు ఒక విషయం కష్టంగా అనిపించింది. కేసు ఎంతవరకు వచ్చిందని నేను ఎన్నిసార్లు అడిగినా, "ఆయన రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే మీకు చెప్పగలనండి," అని ఒకే మాట చెప్పేవారు. అప్పుడు అది కాగితాల మొండితనమనుకున్నాను. తర్వాత తెలిసింది, తన మీద పడిన నింద ఊళ్లో తెలియకూడదని అతనే మొదటి రోజు కోరాడని. కాన్సులేట్ తన తరఫున కలగజేసుకోవద్దని ఖైదీ స్పష్టంగా చెబితే అధికారి తప్పుకోవాలని కూడా అదే అధికరణంలో ఉంది. ఆవిడ నన్ను బాధపెట్టి అతని మాట నిలబెట్టారు. అది సరైన పనే. రెండు దేశాల పౌరసత్వం ఉన్నవారు మాత్రం ఒక సంగతి గుర్తుంచుకోవాలి: పట్టుకున్న దేశానికే తాము పౌరులైతే, రెండో దేశపు కాన్సులేట్ మాట అక్కడ చెల్లుతుందన్న భరోసా లేదు.

అధికారి చేతిలో ఉండే విచక్షణ గురించి కూడా రాయాలి, ఎందుకంటే కౌంటర్ దగ్గర మనకు కనిపించేది నియమాల పట్టికే. 1940 వేసవిలో లిథువేనియాలోని కౌనాస్‌లో జపాన్ వైస్ కాన్సుల్‌గా ఉన్న చియునె సుగిహర, పై నుంచి వచ్చిన ఆదేశాల హద్దు దాటి యూదు శరణార్థులకు రెండు వేలకు పైగా ట్రాన్సిట్ వీసాలు రాసిచ్చారు. ఒక్కో వీసా మీద కుటుంబాలకు కుటుంబాలే బయటపడ్డాయి. అదే ఏడాది జూన్‌లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో పోర్చుగల్ కాన్సుల్ అరిస్టిడెస్ డి సూసా మెండెస్ తమ ప్రభుత్వ ఆజ్ఞకు విరుద్ధంగా వీసాలిచ్చి ఉద్యోగ జీవితాన్నే పోగొట్టుకున్నారు. పేదరికంలో 1954లో కన్నుమూసిన ఆయన గౌరవాన్ని పోర్చుగల్ పార్లమెంటు 1988లో తిరిగి నిలబెట్టింది. మామూలు రోజుల్లో ఎవరూ ఆజ్ఞలు మీరవలసిన పని లేదు. కాని సంతకం పెట్టే ముందు ఇంకొక్క ప్రశ్న అడగాలా వద్దా అన్న నిర్ణయం ఇప్పటికీ ఆ బల్ల దగ్గరే జరుగుతుంది, నా రెండు పెద్ద అనుభవాల్లోనూ ఫలితం ఆ ఒక్క ప్రశ్న మీదే ఆధారపడింది.

ఈ ఉద్యోగంలో పైకి కనిపించే మెరుపు గురించి అపోహలు చాలా ఉన్నాయి. రాయబార కార్యాలయం ఉన్న స్థలం పంపిన దేశపు భూభాగం కాదు. అనుమతి లేకుండా అందులో ఎవరూ అడుగుపెట్టకూడదన్నదే 1961 ఒప్పందం 22వ అధికరణం ఇచ్చిన రక్షణ. దూతను చంపరాదని లంకలో విభీషణుడు చెప్పిన ధర్మమే ఇప్పుడు 29వ అధికరణంగా ఉంది: దౌత్యాధికారిని అరెస్టు చేయకూడదు, నిర్బంధించకూడదు. ఆ రక్షణ దేశానిది, మనిషి సొంత ఆస్తి కాదు, కనుక పంపిన దేశం దాన్ని వదులుకోవచ్చు. 1997లో వాషింగ్టన్‌లో కారు ప్రమాదంలో ఒక బాలిక మరణానికి కారకుడైన తమ అధికారి విషయంలో జార్జియా దేశం అలాగే చేసింది, అక్కడి కోర్టు ఆయనకు జైలు శిక్ష వేసింది. కాన్సులర్ అధికారులకు ఈ రక్షణ ఇంకా తక్కువ, ముఖ్యంగా విధి నిర్వహణలో చేసిన పనుల వరకే. కాగితం మీద ఉన్న రక్షణ ప్రతిసారీ నిలుస్తుందనీ లేదు: 1979 నవంబరు 4న టెహ్రాన్‌లో అమెరికా రాయబార కార్యాలయాన్ని ఆక్రమించినప్పుడు 52 మంది 444 రోజులు బందీలుగా గడిపారు. మార్చురీ దగ్గర వేచి ఉన్నప్పుడు ఆ సెకండ్ సెక్రటరీ తన ఇంటి సంగతి కొంత చెప్పారు. కూతురు ఆరేళ్లలో మూడు బడులు మారిందట, డాక్టరైన భార్యకు అక్కడ వైద్యం చేయడానికి అనుమతి లేదట. అధికారి స్వయంగా వేరే సంపాదన చేసుకోవడాన్ని 42వ అధికరణం నిషేధిస్తుంది. ఇవన్నీ ఫిర్యాదులా చెప్పలేదు, నేను అడిగితే చెప్పారు.

ఆ అద్దం వెనుక గదుల్లో జరిగే పని మనకు కనిపించదు గాని, మన పని జరగడానికి అదే ఆధారం. రాయబారి రాకముందే ఆతిథ్య దేశం ఆ వ్యక్తికి సమ్మతి తెలపాలి. వచ్చాక దేశాధినేతకు అధికార పత్రాలు సమర్పించాలి. నచ్చని అధికారిని కారణం చెప్పకుండానే వెళ్లిపొమ్మనే హక్కు ఆతిథ్య దేశానికి ఎప్పుడూ ఉంటుంది. కనుక అక్కడి పోలీసు అధికారితోనూ కార్మిక శాఖతోనూ ఏళ్ల తరబడి పెంచుకున్న మర్యాదే వీరికున్న అసలు బలం. మా వెల్డర్ పోస్ట్‌మార్టం నివేదిక త్వరగా రావడానికి ఉత్తరం కంటే, అంతకు ముందు ఏడాది ఒక సమావేశంలో ఆసుపత్రి అధికారితో ఏర్పడిన పరిచయం ఎక్కువ పనిచేసిందని ఆ సెకండ్ సెక్రటరీయే అన్నారు.

తమ దేశానికి కార్యాలయం లేనిచోట ఆపద వస్తే, ముందే కుదిరిన ఏర్పాటు ఉంటే మరో దేశం ఆ పని చూడవచ్చు. యూరోపియన్ యూనియన్ దేశాలు ఒకరి పౌరులకు మరొకరు సాయపడేలా 2015లో నియమాలు ఏర్పరచుకున్నాయి. సంబంధాలే తెగిపోయిన చోట మూడో దేశం రక్షణ బాధ్యత తీసుకుంటుంది. ఇరాన్‌లో అమెరికా ప్రయోజనాలను 1980 నుంచి స్విట్జర్లాండ్ చూస్తోంది.

ఈ సేవను వాడుకోబోయేవారికి నా అనుభవం కొద్దీ కొన్ని మాటలు. వెళ్లిన దేశంలో మీ కార్యాలయం దగ్గర పేరు నమోదు చేసుకోండి. యుద్ధమో భూకంపమో వస్తే వారు ముందుగా చూసేది ఆ జాబితానే. పాస్‌పోర్టు మొదటి పేజీ నకలు ఇంట్లోవాళ్ల దగ్గర ఉంచండి. ప్రతి ఉత్తరానికీ నంబరు అడగండి, మాట్లాడిన అధికారి పేరూ తేదీ రాసుకోండి, మూడేళ్లు దగ్గరపడుతున్న అధికారి అయితే తర్వాత ఎవరు చూస్తారో మొహమాటం లేకుండా అడగండి. మేము ఆ ప్రశ్న అడగలేదు.

పరిహారం సొమ్ము పద్నాలుగో నెలలో కుటుంబానికి అందింది. అందినట్టు స్థానిక ఉద్యోగినికీ కొత్త అధికారికీ రాస్తూ, బదిలీ అయిన సెకండ్ సెక్రటరీకి కూడా ఒక ఈమెయిల్ పంపాను. ఆయన అప్పటికి వేరే ఖండంలో, వేరే విభాగంలో ఉన్నారు. మర్నాడే రెండు వాక్యాల జవాబు వచ్చింది. సొమ్ము చేరినందుకు సంతోషమని ఒకటి. బ్యాంకు కాగితంలో చనిపోయిన ఆయన పేరు సరిగ్గానే పడిందా, ఒకసారి చూసి చెప్పండని రెండోది.